వంకాయ చెట్టు మళ్లీ కాసేలోపు...

మా చిన్నప్పుడు... దీపావళి వెళ్లిందంటే చాలు, అమ్మ కొడవలి పట్టుకుని ఇంటి వెనక్కి నడిచేది. నాకు అప్పుడే మొదలయ్యేది గుబులు.

అక్కడ, బోళ్లు తోమిన నీళ్లు పారే చోట, మా వంకాయ చెట్టు ఉండేది. చెట్టు అనే అంటాను, మొక్క అనడానికి నోరు రాదు. మొదలు నా మణికట్టు కంటే లావు, బెరడు కట్టి గట్టిగా ఉండేది. గట్టు మండలంలోని మా ఊళ్లో అందరూ ఒక కాపు అయిపోగానే పీకేసేవాళ్లు. అమ్మ పీకేది కాదు... కాయలు గిడసబారగానే మోకాలెత్తున మోడు ఉంచి పైనున్న కొమ్మలన్నీ కొట్టేసేది. కోసిన చోటల్లా పేడ పూసి, మొదట్లో పొయ్యి బూడిద పోసేది. కొన్నాళ్లకు మోడు పక్కల నుంచి ఇగుర్లు, ఆ తర్వాత పూత, మళ్లీ కాపు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే చెట్టు.

దానికి గుబులెందుకు అంటారేమో... చెట్టు కొట్టిందంటే అమ్మానాయిన వలస పోతున్నట్టే. మేస్త్రీ లారీ వచ్చేది. పుణె వైపు ఎక్కడో బిల్డింగుల పని. నేను, నాయిన వాళ్లమ్మ అయిన మా అవ్వ, ఇంటి దగ్గరే.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు మాత్రం అమ్మ కొంగు వదల్లేదు. లారీ హారన్ కొడుతూనే ఉంది. అమ్మ నన్ను ఎత్తుకుని ఆ మోడు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది మల్ల కాసేటాళ్లకు వస్త బిడ్డ. ఏడ్వకు."

అంతే... అదే నాకు గడువైపోయింది.

పొద్దున లేస్తే చెట్టు దగ్గరికి పరుగు. ఎండిపోతే అమ్మ రాదేమోనని భయం. బెరడు గోటితో గీకి లోపల పచ్చగా ఉందో లేదో చూసేదాన్ని. గీకీ గీకీ నువ్వే చంపేట్టున్నావని అవ్వ కసిరేది. చివరికి ఒకనాడు మోడు పక్కన బియ్యపుగింజంత ఇగురు కనబడింది. ఆ రోజు బడిలో నా సంబరం చూసి పంతులమ్మకు కూడా అనుమానమొచ్చింది.

కొమ్మలు సాగాయి, ఆకులు విప్పుకున్నాయి. ఇంతలో అమ్మావాళ్లతో పోయిన ఎదురింటి పెద్దమ్మ తిరిగొచ్చింది. అవ్వ నన్ను తీసుకుని పరుగున వెళ్లింది. గుంపు విడిపోయిందట. అమ్మావాళ్లను ఇంకో మేస్త్రీ వేరే పనికి తీసుకుపోయాడట. ఎక్కడికని అవ్వ అడిగితే పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది... "యాడనో మాకు తెల్వదు అత్తా."

ఆ వారమే చెట్టు మొదటి పువ్వు పూసింది.

ఊదారంగు పువ్వు, తల వంచుకుని. అంతకు ముందు ఏడాదైతే సంబరపడేదాన్ని. ఆ రోజు దాన్ని చూడగానే నాకు చెమట పట్టింది. పువ్వంటే కాయ... కాయంటే అమ్మ చెప్పిన గడువు. అమ్మ రాకుండానే కాయ వచ్చేస్తే?

తెంపేశాను. మర్నాడు ఇంకో రెండు పూశాయి, అవీ తెంపేశాను. బడికి వెళ్లేముందు అదే పని. పూత నిలవడం లేదని అవ్వ పాపం ఎంత తల్లడిల్లిందో! మజ్జిగ పోసింది. దిష్టి తగిలిందని, చనిపోయిన మా తాత పాత చెప్పు తెచ్చి కొమ్మకు వేలాడదీసింది. ఆ చెప్పు కిందే కూర్చుని నేను పూలు తెంపేదాన్ని...

ఒక పొద్దున దొరికిపోయాను. కొడుతుందనుకున్నాను. అవ్వ నా గుప్పిలి విప్పి చూసి, ఎందుకని అడిగింది.

"కాయ కాస్తె... అమ్మ మాట తప్పినట్టు అయితది గదా."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, నా పక్కనే బూడిదలో చతికిలబడింది.

"చెట్టును కాయనీ బిడ్డ. వచ్చినంక మీ అమ్మకు ఏం వండి పెడ్తం?"

ఆ మాటతో చేతులు కట్టేసుకున్నాను. కానీ భయం పోలేదు, కాయతో పాటు పెరిగింది. అవ్వ మిగతావన్నీ కోసి వండినా, తొలికాయను నేను ముట్టనివ్వలేదు. ఉగాది వెళ్లిపోయింది. కాయ రంగు తిరిగింది, పసుపుపచ్చ అయింది. నేను ఇంటి వెనక్కి వెళ్లడమే మానేశాను.

వచ్చారు... ఎండ మండే ఒక మధ్యాహ్నం. నాయినకు జ్వరం ముదిరి దవాఖానలో ఉండడం వల్ల ఆలస్యమైందట. నాయిన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అమ్మ మూట దించి నేరుగా చెట్టు దగ్గరికే వెళ్లింది. ఆ పండు కాయను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను వెళ్లి నడుం చుట్టేసుకున్నాను. అమ్మ ఒళ్లంతా సిమెంటు వాసన.

ఆ కాయ కూరకు పనికిరాలేదు, విత్తనానికి ఉంచాం. మరుసటి దీపావళికి అమ్మ మళ్లీ కొడవలి పట్టింది... కానీ ఆ ఏడు ఏ మాటా చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు అమ్మ వనపర్తిలో నా దగ్గరే ఉంటుంది. మిద్దె మీద డ్రమ్ములో ఆ విత్తనం నుంచి విత్తనంగా వచ్చిన చెట్టే, ఏళ్లుగా కాస్తోంది. నేను డ్యూటీ మీద ఊరు దాటితే ఎక్కడున్నానో మా అమ్మాయి ఫోన్‌లో చూసేసుకుంటుంది. దానికి ఎదురుచూడడమంటే తెలియదు, తెలియకపోతేనే మంచిదేమో.

మొన్న దీపావళి అయ్యాక అమ్మ గోడ ఆసరాతో, కొడవలి పట్టుకుని మిద్దె ఎక్కుతుంటే, చేస్తున్న వంట ఆపేసి వెనకే పరుగెత్తాను. ఇంత వయసొచ్చీ నోట్లోంచి అదే వచ్చింది... "ఎటన్న పోతున్నవా అమ్మా?"

అమ్మ నవ్వింది. "యాడికి పోత బిడ్డ..."

ఈసారి కూడా గడువు చెప్పలేదు. ఇగుర్లు వచ్చాయా అని రోజూ మిద్దె ఎక్కి చూస్తున్నాను.

మీ వాళ్లు తిరిగొచ్చే దాకా మీరు దేన్ని చూస్తూ రోజులు గడిపారు? చెప్పండి... చదువుతాను.