తవుడిచ్చి తెచ్చుకున్న పిల్ల

డాలీగంజ్ నూకరత్నానికి భయం ఎక్కువ. ఆ భయాన్ని ఎగతాళి చెయ్యడం తేలికే, ఆమె మొగుడు తాతబ్బాయి కూడా చేసేవాడు. కానీ ముగ్గురు బిడ్డల్ని కని, ఒక్కర్నీ నడిచేదాకా చూసుకోలేకపోయిన మనిషికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? పోయిన బిడ్డల మాట వస్తే ఆమె ఒకటే అనేది: "నా కొడుకు, నా కూతురని నోరారా పిలిసినాను. ఆ మాట ఏ పాడు సెవిని పడిందో."

స్వాతంత్య్రం వచ్చిన కొత్తల్లో భీమిలి పక్కనుంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి, డాలీగంజ్‌లో కాపురం పెట్టారు. అతను సముద్రం మీదికి చేపల వేటకెళ్ళేవాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని అబర్డీన్ బజారులోనూ మిడిల్ పాయింట్ వీధుల్లోనూ చేపలమ్మేది. నాలుగు హిందీ ముక్కలు నేర్చుకుని అందరితో గడుసుగానే బేరమాడేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ నోరు మూతపడిపోయేది.

అలాంటప్పుడు రంగం నుంచి కబురొచ్చింది. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అంటారు. తాతబ్బాయి తమ్ముడు లక్ష్ముడు అక్కడ బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. పురిట్లోనే పెళ్ళాం పోయింది, ఏడాది తిరిగేసరికి జ్వరంతో అతనూ పోయాడు. మిగిలింది ఆడపిల్ల, రెండేళ్ళది. పక్కింట్లో చుట్టలు చుట్టుకుని బతికే ఖిన్‌మ్యా అనే బర్మా ముసలామె పెంచుతోందట. ఆమె కూడా కొడుకు దగ్గరికి ఎగువ ఊళ్ళకి వెళ్ళిపోతోందట. మీ రక్తం కాబట్టి వచ్చి తీసుకుపొమ్మని ఓడ మీద పనిచేసే పోలిరాజు చేత చెప్పించింది.

కాగితాల కోసం తాతబ్బాయి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకుంటుంటే, నూకరత్నం బియ్యపు తవుడు జల్లించి గుడ్డలో మూట కట్టింది. భీమిలి వైపు, పిల్లలు దక్కని వాళ్ళు పుట్టిన బిడ్డను చేటలో వేసి పక్కింటామెకి ఇచ్చేసి, తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంటారు. కొన్న బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. ఆ బిడ్డకి తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు పెడతారు. నూకరత్నం అమ్మమ్మ దానికి ఇంకో మాట కలిపింది: కొన్న బిడ్డతో పాటు ఆ ఇంటి వస్తువు ఒక్కటి కూడా తెచ్చుకోకూడదు, తెస్తే అది బిడ్డ మనసుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఈ రెండు మాటలూ పట్టుకుని నూకరత్నం మొగుడి వెంట కలకత్తాకి ఒక ఓడ, అక్కణ్ణుంచి రంగానికి ఇంకో ఓడ ఎక్కింది. దారి పొడుగునా ఆ మూట ఒళ్ళోంచి దించలేదు.

తాతబ్బాయి తిరుగు ఓడ టికెట్ల కోసం రేవులోనే ఆగిపోతే, పోలిరాజు ఆమెని ఖిన్‌మ్యా ఇంటికి తీసుకెళ్ళాడు. పిల్ల గడపలో నిలబడి ఉంది. రెండు బుగ్గల మీదా పచ్చగా, గుండ్రంగా ఏదో గంధం. ఖిన్‌మ్యా బుగ్గల మీదా అదే. నూకరత్నం గడప బయటే ఆగిపోయింది. ఎత్తుకోవాలని చేతులు లాగుతున్నాయి, ముట్టుకుంటే ఏమవుతుందో అని భయం. చివరికి చేటలో తవుడు పోసి ముసలామె చేతిలో పెట్టింది. ఆమె ఏమీ అర్థంకాక చూసి, ఆ తవుడు పట్టుకెళ్ళి కోళ్ళకి వేసింది. పోలిరాజు నవ్వాడు గానీ నూకరత్నం నవ్వలేదు. కొనుగోలు అయిపోయింది, పిల్ల ఇప్పుడు తవిటమ్మ.

వచ్చేటప్పుడు ముసలామె చిన్న చెక్కముక్క ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చింది. తనకా అనే బర్మా చెట్టు బెరడు అది, బుగ్గల మీది ఆ పచ్చటి గంధం దాంతో తీసేదే. పొద్దున్నే దాన్ని నీళ్ళతో అరగదీసి ముఖానికి రాస్తేగానీ ఈ పిల్ల ముద్ద ముట్టదని పోలిరాజు తెలుగులో విడమరిచి చెప్పాడు. నూకరత్నం తలాడించింది. ముసలామె ఏడుస్తూ పిల్ల తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

ఓడ రేవు దాటగానే నూకరత్నం మొగుడు చూడకుండా ఆ చెక్కని నీళ్ళలోకి విసిరేసింది. పిల్ల ముఖం పెసరపిండితో తోమి తోమి కడిగింది. పచ్చదనం పోయింది, వాసన పోయింది. అమ్మమ్మ చెప్పినట్టే చేశానని ఆమెకి కాస్త నిమ్మళం కలిగింది. ఆ నిమ్మళం ఎంతోసేపు లేదు.

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. గొంతు పోయేదాకా ఏడ్చి, తర్వాత ఏడుపు మానేసి ఊరికే చూడటం మొదలుపెట్టింది. అది ఇంకా భయంగా ఉంది. గంజి పోస్తే పెదవులు బిగించేది. అరటిపండు పెడితే ఉమ్మేసేది. తవిటమ్మా అని పిలిస్తే తల తిప్పేది కాదు. తాతబ్బాయి చేతిలో నాలుగు గుక్కల నీళ్ళు తాగేది, అంతే. నూకరత్నం దగ్గరికొస్తే మాత్రం ఒళ్ళంతా కొయ్యలా బిగించేసేది. డెక్కు మీద పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఎవరి పిల్లని అడిగేవారు. "మా మరిది బిడ్డ" అనేది నూకరత్నం. నా అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి పిల్ల మెడ ఎముకలు తేలాయి. డాక్టరు చూసి జ్వరం లేదు, జబ్బు లేదు, తిండి పెట్టండి అన్నాడు. పెట్టడం తెలియకనా? ఆ సాయంత్రం తాతబ్బాయి వల బాగుచేస్తూ చేస్తూ ఆపేశాడు.

"ఒలే రత్నం, తిరిగి అప్పసెప్పేద్దుమేటి? ఆ ముసిల్ది ఏ ఊరెల్లినా ఎతికి పట్టుకుందుము. ఈ గుంట మనకాడ బతకదే."

నూకరత్నం పిల్ల మెడ ఎముకల వైపు చూసింది. నాలుగో బిడ్డ కూడా తన చేతిలోనే పోతుందన్నమాట. ఈసారి చావు దానంతటది రావక్కర్లేదు, తనే చెక్క పారేసి పిలిచింది. ఆ సంగతి మొగుడితో చెప్పింది, చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. అతను తిట్టలేదు. తిడితే బావుండునని ఆమెకి అనిపించింది. వచ్చే ఓడ దాకా చూద్దాం అన్నాడు.

మర్నాడు పిల్లని చంకనేసుకునే అబర్డీన్ బజారుకి వెళ్ళింది, ఇంట్లో వదలడానికి ధైర్యం చాలక. గంప దించి, పిల్లని పక్కన గోనె మీద కూర్చోబెట్టింది. పిల్ల ఎప్పటిలాగే ఊరికే చూస్తోంది. అంతలో లేచింది. లేచి, తూలుకుంటూ, జనం కాళ్ళ మధ్య నుంచి పరుగు పెట్టింది. ఎదురు దుకాణం దగ్గర ఉల్లిపాయలు ఏరుకుంటున్న ఒకామె లుంగీ పట్టుకుని, మోకాలికి ముఖం ఆనించేసింది. ఆమె తల వంచి చూసింది. బుగ్గల మీద పచ్చటి గంధం.

ఉత్తరపు దీవుల్లోని మాయాబందర్ వైపు నుంచి మొగుడికి వైద్యం కోసం వచ్చిన కరెన్ మనిషి ఆమె. ఎన్నో ఏళ్ళ కిందట బర్మా నుంచి వచ్చి ఆ దీవుల్లో అడవి కొట్టి పొలాలు చేసుకున్న వాళ్ళు కరెన్లు. నూకరత్నం పరుగున వెళ్ళింది గానీ పిల్లని లాక్కోలేకపోయింది. తనని చూస్తే కొయ్యబారే పిల్ల, ముక్కూ మొహం తెలియని దానికి అతుక్కుపోయింది. ఒళ్ళంతా మంటగా ఉంది, ఏడుపొస్తోంది, మరోపక్క ప్రాణం లేచొచ్చినట్టూ ఉంది.

"బచ్చా కిస్కా హై, దీదీ?" అంది ఆమె, పిల్లెవరిదని.

మరిది బిడ్డ అనే చెప్పింది. తర్వాత వచ్చీరాని హిందీలో అంతా చెప్పేసింది, చెక్క పారేసిన సంగతితో సహా. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. బస చేసిన గదికి తీసుకెళ్ళి, తన చెక్కలో సగం విరిచి ఇచ్చి, ఎలా అరగదియ్యాలో చూపించింది. నూకరత్నం గంపలోంచి మంచి చేపలేరి ఇవ్వబోతే ఒక్కటే తీసుకుంది.

పొద్దున్నే నూకరత్నం సానరాయి ముందు కూర్చుంది. అమ్మమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. బర్మా ఇంటి వాసన మళ్ళీ తన చేతులతోనే ఇంట్లోకి తెస్తోంది, దీనితో పిల్ల మనసు పూర్తిగా అటే పోతే? అయినా నీళ్ళు చిలకరించి చెక్క రుద్దింది. ఆ గరగర వినపడగానే చాప మీది పిల్ల తల ఎత్తింది. మెల్లగా వచ్చి, ఎవరూ పిలవకుండానే నూకరత్నం ఒళ్ళో కూర్చుని ముఖం పైకెత్తింది. కళ్ళు మూసుకుంది.

నూకరత్నం రెండు బుగ్గలకీ రాసింది. అయిపోయాక పిల్ల లేవలేదు. రాతి మీద మిగిలిన గంధంలో అరచెయ్యి ముంచి నూకరత్నం బుగ్గకి పులిమింది. రెండో బుగ్గకీ పులిమింది. రంగంలో పొద్దున్నే ముసలామెతో ఆడే ఆట అదేనేమో. తర్వాత చద్దన్నం గిన్నె వైపు చూసి నోరు తెరిచింది. వేటకి బయల్దేరుతున్న తాతబ్బాయి గుమ్మంలోనే కూలబడిపోయాడు.

ఆ రోజు మిడిల్ పాయింట్‌లో నూకరత్నాన్ని చూసి జనం మూతులు తిప్పుకుని నవ్వారు. ఎప్పుడూ ఆమె దగ్గరే చేపలు కొనే గుమస్తా సత్యారావు ఆగి, చంకలో పిల్లని చూసి, ఆమె బుగ్గలు చూసి ఆటపట్టించాడు.

"ఏటి రత్నం, బర్మా వేషం కట్టినావు?"

నూకరత్నం అటూ ఇటూ చూసింది. చుట్టూ బోలెడు చెవులున్నాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"నా కూతురు రాసింది బాబూ. పొద్దు గుంకేదాకా కడగను."

చేప తూచి, ఆయన సంచిలో వేసింది.