మామ చెప్పకుండా వదిలేసిన పాఠం

సివిల్స్ మెయిన్స్‌కు రెండు ఆప్షనల్ సబ్జెక్టులు ఎంచుకోవాల్సిన ఆ రోజుల్లో, మదనపల్లెలో చదువుకునే వాళ్లందరూ హిస్టరీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చుట్టూనే తిరిగేవాళ్లు. ఫలానా ఊళ్లో ఎవరికో ఆ రెంటితో ర్యాంకు వచ్చిందని ఒక్కరు చెబితే చాలు, మిగతావాళ్లంతా ఎగబడి అవే పుస్తకాలు కొనేవాళ్లు. మా మామకు గుంపులో పడి నడవడం మొదటినుంచీ గిట్టదు. తెలుగు సాహిత్యం ఒకటి, ఆంత్రోపాలజీ ఒకటి అని తేల్చేశాడు. తనకే కాదు, నాకు కూడా.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కుప్పం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. తొంభైల చివర, నేను మదనపల్లెలో డిగ్రీ ముగించి పుంగనూరులో ఇంటిపట్టున ఉన్నప్పుడు, ఇద్దరం కలిసి పరీక్ష రాద్దామనుకున్నాం. ఒకే సబ్జెక్టులైతే పుస్తకాలు ఒక్క జత సరిపోతాయి. పైగా మా ఇద్దరికీ పెళ్లి చేయాలని నేను ఉయ్యాల్లో ఉండగానే పెద్దవాళ్లు అనుకున్నారు. అక్క కూతుర్ని చేసుకోవడం మా వైపు కొత్త కాదు, వింతా కాదు. మా నాన్న కూడా మా అమ్మకు సొంత మేనమామే. అందువల్ల కుప్పంలో ఉండే మా అవ్వ, అమ్మ వైపు నుంచి చూస్తే నాకు అవ్వ, నాన్న వైపు నుంచి చూస్తే మేనత్త. చిన్నప్పుడు ఆమెను ఏమని పిలవాలో నాకు ఒక పట్టాన తెలిసేది కాదు.

"బంధుత్వాలు, పెండ్లిండ్లు, వంశాలు... ఇవి మనకు ఇంకొకరొచ్చి చెప్పాల్నా మే? సగం సిలబస్ మన ఇంట్లోనే ఉండాది" అన్నాడు మామ.

నేను నవ్వి తలూపాను. నిజానికి ఆంత్రోపాలజీ అంటే ఏమిటో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. మామ తీసుకున్నాడు కాబట్టి నేనూ తీసుకున్నాను. ఆయనంటే నాకు అంత ఇష్టం. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా నాకేం మొహమాటం లేదు.

శనివారం బడి కాగానే మామ కుప్పంలో బస్సెక్కి, పలమనేరు మీదుగా సాయంత్రానికి మా ఇంటికి చేరేవాడు. మా చదువంతా మిద్దె మీద. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, మేం పరీక్ష రాసేది తెలుగులో. అందుకని మామ ఒక పద్ధతి పెట్టాడు. ఒక పాఠం ఒకరు చదివి రావాలి, వచ్చి పుస్తకం తెరవకుండా రెండోవాళ్లకు తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే చదవనట్టే లెక్క. మిద్దె గచ్చే మా బ్లాక్‌బోర్డు. బడి నుంచి తెచ్చిన సుద్దముక్కలతో బంధుత్వాల పటాలు గీసేవాళ్లం. మగవాడికి త్రికోణం, ఆడమనిషికి సున్న, పెళ్లికి జంట గీతలు. చింతపండు ఎండేయడానికి పైకి వచ్చే అమ్మ ఆగి చూసేది.

"ఇదేం ముగ్గప్పా, సుక్కలే లేవు?"

"మన ఇల్లే అక్కా. ఇదో, ఈ సున్న నువ్వే."

"సదివి సదివి కడాకు అక్కను సున్న చేస్తివా" అని ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ పటంలో ఒక త్రికోణం మా అన్న. నాకంటే పెద్ద. అన్నకు పుట్టుచెవుడు, దాంతో మాట కూడా రాలేదు. నాన్న నడిపే అంగట్లో తూకం పని అన్నదే. అన్న సైగలు మా ఇంట్లో అందరికీ మాటలంత సులువుగా అర్థమయ్యేవి. నా గురించి చెప్పాలంటే జడ, మామ గురించైతే మీసం, మా ఇద్దరి గురించీ అయితే రెండు వేళ్లు ముడివేసి ఆటపట్టించేవాడు. నేను కొట్టబోతే పరుగెత్తేవాడు.

ఆంత్రోపాలజీలోని జన్యుశాస్త్రం పాఠం మామ వంతుకు వచ్చింది. ఆ వారం బడిలో తనిఖీ ఉందని చెప్పి వాయిదా వేశాడు. తర్వాతి వారం తెలుగు సాహిత్యం వెనకబడిపోయిందని ప్రబంధ పద్యాలు ముందేసుకున్నాడు. ఆ తర్వాతి వారం నేనే అడిగాను.

"అది నువ్వే సదువుకో మే. నాకు సైన్సు ఎక్కదు" అన్నాడు.

"పంతులే పాఠం ఎగ్గొడితే ఎట్ల మామా?" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు.

మదనపల్లె లైబ్రరీలో కూర్చుని చదివాను. పాఠం చివర రక్తసంబంధీకుల పెళ్లిళ్ల మీద కొన్ని పేజీలున్నాయి. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపం పైకి కనిపించకుండా దాగి ఉంటే, బిడ్డలో అది బయటపడవచ్చని, దగ్గరి చుట్టాలు పెళ్లి చేసుకున్నప్పుడు ఆ అవకాశం పెరుగుతుందని రాశారు. అలా బయటపడే వాటిలో పుట్టుచెవుడు కూడా ఉంది. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకునే ఆచారం దక్షిణాదిలో ఎక్కువని ఉదాహరణ ఇచ్చారు. పటం గీసి లెక్కవేసే పద్ధతి కూడా ఉంది. ఆ పటంలో మావాళ్లను పెట్టుకుంటూ పోయాను. అమ్మకూ నాన్నకూ జంట గీతలు. వాటి కింద మామకూ నాకూ జంట గీతలు. ఏ గీత పట్టుకుని పైకి పోయినా మళ్లీ అవ్వ పుట్టింటికే చేరుతోంది. తాతను తప్పిస్తే, వేరే ఇంటి మనుషులకు ఆ పటంలో చోటే లేదు.

నాకు భయం వేసింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ దారిపొడవునా అన్న గురించే ఆలోచించాను. పరీక్ష సంగతి మనసులో లేదు. మామతో పెళ్లి ఉంటుందా, ఉండదా? ఉండదంటే, ఎందుకు ఉండదో అమ్మకు ఎలా చెప్పాలి? నన్ను పట్టుకున్నవి ఈ రెండే.

శనివారం మామ వచ్చి మిద్దెమీద కూర్చోగానే చెప్పేశాను. "ఆ పాఠం సదివినా మామా."

ఆయన చేతిలోని సుద్దముక్కను కింద పెట్టాడు. "నేను ఉగాదికి ముందే సదివింటి."

"యాల చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? చెప్తే పెండ్లి నిలిచిపోతాది. చెప్పకుండా చేసుకుంటే నిన్ను మోసం చేసినట్టు. ఏం చేసేదీ తెలీక పద్యాలు పట్టుకోని కూర్చుంటి."

విచిత్రం ఏమిటంటే, అప్పుడు ఆ పెళ్లి తరఫున వాదించింది నేనే. "అందరికీ అట్లనే పుడ్తారని రాయలేదు గదా. నేను బాగుండాను గదా" అన్నాను.

"నువ్వు బాగుండావు. వాడో?" అని మామ పిట్టగోడ మీదుగా అంగడి వైపు చూశాడు. కింద అన్న ఎవరికో బెల్లం తూచి ఇస్తున్నాడు. "మల్లా ఇంకొక తూరి అదే ఇంట్లో, అదే రగతంలో. నాకు ధైర్యం చాల్లేదు మే."

నేను ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. ఓదారిస్తే ఆ మాట మీద నిలబడలేనని అనుకుని ఉంటాడు. కాసేపటికి, ఈ సంగతి మా అమ్మకు మాత్రం తెలియకూడదన్నాడు. తన పెళ్లి వల్లే కొడుకు అలా పుట్టాడని తెలిస్తే ఆమె తట్టుకోలేదని మా ఇద్దరికీ గట్టిగా అనిపించింది.

"తప్పు నా మింద ఏసుకుంటా. ఆఫీసరైతే పట్నం పిల్ల కావాలంట వీనికి అనుకోనీ" అన్నాడు.

అన్నట్టే చేశాడు. ఆయన ఆ మాట చెప్పిన రోజు అమ్మ వాకిట్లో నిలబడి, "నా బిడ్డకేం తక్కువైందిరా? దానికి మొగం బాగలేదా, గుణం బాగలేదా?" అని తమ్ముణ్ణి నిలదీసింది. మామ తల దించుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే అంతా బయటికి వచ్చేస్తుందని పళ్లు బిగబట్టుకున్నాను. ఇక మా గడప తొక్కొద్దని అమ్మ చెప్పేసింది. అవ్వతో కూడా చాలాకాలం మాటల్లేవు. అన్న ఒక రోజు మీసం సైగ చేసి, ఏమైంది, ఎందుకు రావడం లేదు అన్నట్టు చేతులు తిప్పి నన్ను అడిగాడు. నాకు ఏ సైగ చేయాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను.

మిగిలిన పాఠాలు ఎవరివి వాళ్లం చదువుకున్నాం. హైదరాబాదులో మెయిన్స్ రాసేటప్పుడు, ఆంత్రోపాలజీ పేపర్లో దగ్గరి చుట్టాల పెళ్లిళ్ల వల్ల సంతానం మీద పడే ప్రభావం గురించి అడిగారు. ఆపకుండా రాశాను. మొత్తం పరీక్షలో నేను అంత బాగా రాసిన జవాబు ఇంకొకటి లేదు. మామ కూడా అంతే రాసి ఉంటాడు. ర్యాంకు మాత్రం ఇద్దరికీ రాలేదు.

తర్వాత నాకు మదనపల్లెలో చిన్న గవర్నమెంటు ఉద్యోగం దొరికింది. వాల్మీకిపురం వైపు, మాకు ఏ చుట్టరికమూ లేని ఇంట్లో పెళ్లయింది. మామ తనతో పనిచేసే టీచరమ్మను చేసుకున్నాడు. కూతురు పుట్టిందని కబురు వస్తే అమ్మ విననట్టే ఊరుకుంది. అవ్వ కబురు మీద కబురు పంపినా చూడటానికి పోలేదు. పేరు పెట్టేరోజు మాత్రం పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక ఆదివారం పుంగనూరు వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మా నేనూ వసారాలో విత్తనాలకు చెనక్కాయలు ఒలుస్తున్నాం. అమ్మ తలెత్తకుండానే అడిగింది.

"మొన్న టీవీలో ఒక డాక్టరమ్మ చెప్తాన్నింది. మేనరికం చేసుకుంటే బిడ్డలకు చెవుడు వస్తాదంట. మీరిద్దరూ సదివితిరే ఆ బుక్కులు, దాంట్లో ఉండాదా ఆ మాట?"

ఇన్నేళ్లూ ఏ ప్రశ్న రాకూడదనుకున్నానో అదే వచ్చింది. లేదని చెప్పవచ్చు. కానీ అమ్మ అడిగిన తీరు చూస్తే, ఆమె అప్పటికే సగం తెలుసుకుని కూర్చుందని అర్థమైంది.

"ఉండాదిమా" అన్నాను.

"దానికేనా వాడు నిన్ను వద్దనింది?"

"దానికే. నువ్వు బాధపడ్తావని చెప్పలేదు."

ఆమె కూలిపోతుందని భయపడి, కాయలు పక్కకు నెట్టి చెయ్యి పట్టుకున్నాను. అమ్మ ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో ఉన్నది దుఃఖమైతే కాదు.

"అయితే ఆ మాత్ర వల్ల కాదా?" అంది.

"ఏం మాత్రమ్మా?"

"మీ అన్న కడుపులో ఉండంగా కుప్పంలో జరం వచ్చె నాకు. మీ అవ్వ కషాయం తాగి పడుకోమన్నాది. నేను తట్టుకోలేక దొంగతనంగా అంగట్లో మాత్ర తెప్పించుకోని మింగితి. వానికి చెవులు వినపడవని తెలిసిన దినం నుంచి అదే దిగులు పాపా నాకు. నా బిడ్డ నోరు నేనే మూసేస్తినని. మీ నాన్నకు గూడా చెప్పలేదు."

ఆమెకు తెలియకూడదని మామ మాటలు పడి, నేను నోరు మూసుకుని, ఇంతకాలం దాచిన సంగతి ఇది. ఈ నిజం తెలియకే ఆమె ఇన్నేళ్లు ఇంకో దోషం మోసింది.

అవకాశం ఎక్కువ అని మాత్రమే పుస్తకంలో ఉంది. ఫలానా బిడ్డకు ఫలానా కారణం వల్లే ఇలా అయిందని దాన్ని పట్టుకుని చెప్పలేం. పరీక్షలో నేను అలాగే, జాగ్రత్తగా, రెండు వైపులా రాశాను.

"కాదమ్మా. మాత్ర వల్ల కాదు" అన్నాను.

అమ్మ చేతిలోని కాయ ఒలవకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. లోపల అన్న పడుకుని ఉన్నాడు. గుమ్మంలోంచి అతని పాదాలు కనిపిస్తున్నాయి. ఆమె అటే చూస్తోంది.

"ఇంకొక తూరి చెప్పు పాపా" అంది.

చెప్పాను.