గోడ మీద మా ఆయన

మా ఆయన చచ్చిపోయింది ఒక సోమవారం సాయంత్రం, టీవీలో. నా పక్కన కూర్చుని టీ తాగుతున్న మనిషే తెర మీద ఫొటోలో గోడకి వేలాడుతున్నాడు. కింద నలుగురు నిలబడి బోరున ఏడుస్తున్నారు. నా చేతిలో గ్లాసు జారిపోయింది.

"చెప్పడం మర్చిపోయానే," అన్నాడు తాపీగా.

మర్చిపోవడానికి అదేమన్నా వస్తూ వస్తూ సబ్బు తేవడమా?

ఆయన ఆ ఛానల్లో వడ్రంగి. కొత్త సీరియల్లో చనిపోయిన ఇంటిపెద్ద ఫొటో ఒకటి కావాల్సి వచ్చిందట. ఫొటో దిగాల్సిన నటుడు రాలేదు. అవతల అందరూ సిద్ధంగా ఉన్నారు. సెట్ వేయించే ఆయన చుట్టూ చూసి, నిచ్చెన మీదున్న మా ఆయన్ని కిందికి దింపి, ఎవరిదో కోటు తొడిగి ఫొటో తీయించాడు. "మీ ముఖంలో పెద్దరికం ఉంది మేస్త్రీ, నోరు తెరవనంతవరకూ," అన్నాడట. మెచ్చుకున్నాడని ఈయన మురిసిపోయాడు!

మర్నాడే నేను ఛానల్ ఆఫీసుకి వెళ్ళి డైరెక్టర్ని నిలదీశాను. "బతికున్న మనిషిని గోడకెక్కిస్తారా? మీ ఇంట్లో మగాళ్ళే దొరకలేదా?" అని నా నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన నవ్వాడు. "అమ్మా, మా సీరియల్లో బతికున్నవాళ్ళ ప్రాణానికే గ్యారంటీ లేదు. చచ్చినవాడికి ఢోకా లేదు. మీవారు నూరేళ్ళుంటారు," అన్నాడు.

ఆ మాట నిజమే అయింది. పెద్దకొడుకు మెట్ల మీంచి పడ్డాడు. అత్తగారు గతం మర్చిపోయింది. ఒకావిడ ఓడెక్కి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ముఖమే మారిపోయింది, అంటే నటి మారింది. మా ఆయన మాత్రం మేకు మీంచి కదల్లేదు. అక్కడివాళ్ళు ఆయనకి స్వర్గీయ మేస్త్రి అని పేరు పెట్టారు. "స్వర్గీయ మేస్త్రీ, ఈ తలుపు కిర్రుమంటోంది, కాస్త చూడు!" అని పిలిస్తే ఈయన సుత్తి పట్టుకుని పరిగెత్తేవాడు.

ఆ ఛానల్ పుట్టినప్పటినుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. మొదట్లో అది పాత గోదాములో ఉండేది. సాయంత్రం కాసేపు కార్యక్రమాలు, మిగతా పొద్దంతా తెర మీద రంగుల పట్టీలు. కొత్త మోజు కదా, మా వీధిలో వాటిని కూడా కూర్చుని చూశారు. ఆయన చేసిన బల్ల వెనక కూర్చుని ఒకమ్మాయి ఉత్తరాలు చదివి, అడిగినవాళ్ళకి అడిగిన పాట వేసేది. తర్వాత తలుపుల ఆట వచ్చింది. సరైన తలుపు తెరిస్తే బహుమతి. ఒకసారి తలుపు బిగుసుకుపోయి గెలిచినావిడ లోపలే ఉండిపోతే ఈయనే వెళ్ళి ఊడదీశాడు. ఇవాళ నవ్వినవాడు రేపు వస్తాడో రాడో గాని ఏడ్చినవాడు మాత్రం తప్పకుండా వస్తాడని ఎవరో కనిపెట్టాక రోజూ సీరియళ్ళు మొదలయ్యాయి. మా వీధిలో భోజనాల వేళ కూడా వాటిని బట్టే మారిపోయింది. ఆ ఛానల్ చరిత్ర ఎవరైనా రాస్తే యజమానుల పేర్లు రాస్తారు. నన్నడిగితే అది మా ఆయన కొట్టిన మేకుల మీద నిలబడింది.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ సీరియల్లో ఇంటిపెద్దకి ఒక చిన్నకూతురు. ఆ వేషం వేసిన పిల్ల పాలపళ్ళు ఊడే వయసులో చేరింది. వారానికి రెండుసార్లయినా ఫొటో ముందు నిలబడి, "నాన్నా, ఇవాళ బళ్ళో ఏమైందో తెలుసా?" అని మొదలుపెట్టేది. పరీక్ష పోయినా ఫొటోకే చెప్పుకునేది, అన్న కొట్టినా ఫొటోకే చెప్పుకునేది. ఆ పిల్ల పెద్దదవడం మేం రోజూ చూస్తూనే ఉన్నాం.

మాకు పిల్లల్లేరు. ఎక్కని ఆస్పత్రి గడప లేదు. కొన్నాళ్ళకి ఇద్దరం ఆ మాటెత్తడం మానేశాం. మానేశామంటే మర్చిపోయామని కాదు.

ఒకరోజు నేను కుట్టుమిషను ముందున్నాను. టీవీలో ఆ పిల్ల "నాన్నా" అంది. వెనక కుర్చీలోంచి మెల్లగా "ఏమ్మా" అని వినబడింది. తిరిగి చూశాను. ఈయనకి తను పలికిన సంగతే తెలిసినట్టు లేదు.

"ఫొటోలు మాట్లాడవండీ," అన్నాను దారం కొరుకుతూ. ఆయన సిగ్గుపడి తల గోక్కున్నాడు. అక్కడితో ఆగానా? "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట!" అని కూడా అన్నాను. అన్నాక నా గుండెలోనే కలుక్కుమంది. ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

అయినా ఆ అలవాటు పోలేదు. ఆ పిల్ల పిలవడం, ఈయన పలకడం. నేనూ ఇంకేమీ అనలేదు. ఆ సీను వచ్చేసరికి మిషను తొక్కడం ఆపేసేదాన్ని, దారం ఎక్కించుకుంటున్నట్టు.

విచిత్రమేమిటంటే, ఒక్క గోడ అవతల రోజంతా పనిచేస్తూ ఆయన ఆ పిలుపు ఎదురుగా ఒక్కసారీ వినలేదు. మొదట్లో ఫొటో ముందు ఏడవాల్సిన పిల్ల, పక్కనే అదే ముఖం రంపం పట్టుకుని తిరుగుతుంటే పకపకా నవ్వేసిందట. అప్పట్నుంచీ ఫొటో సీను అనగానే "స్వర్గీయ మేస్త్రీ, బయటికి!" అని కేకేసేవారు. ఆయన వెళ్ళి చెక్కల దగ్గర కూర్చునేవాడు. మామూలప్పుడు ఆ పిల్ల ఎదురుపడితే "బాగున్నారా మేస్త్రిగారూ?" అనేది. పాపం, ఇంకేమంటుంది?

ఒకసారి భోజనం దగ్గర అడిగాను. "ఏం కావాలండీ మీకు, ఇంతకీ?"

"ఒక్కసారి ఎదురుగా పిలిస్తే వినాలనుందే," అన్నాడు. "అంతే."

కథ రాసే అతను పాత రోజుల సీన్లు పెడతానని, తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునే ఘట్టం ఒకటి మేస్త్రి చేతే చేయిస్తానని మాటిచ్చాడు. ఇంకేముంది, ఈయనకి గంపెడాశ! అద్దం ముందు నిలబడి "ఏమ్మా" అన్నది పది రకాలుగా అనేవాడు. "ఈ వయసులో ఈ సోకులేమిటండీ?" అంటూనే ఆయన చొక్కాకి కొత్త కాలరు నేనే వేశాను.

ఆ మాట నలుగుతుండగానే ఛానల్ చేతులు మారింది. గుర్తు మారింది, రంగు మారింది. ఉత్తరాల పాటలు పోయాయి. తలుపుల ఆట పోయింది. ఎక్కడెక్కడి సీరియళ్ళో తెచ్చి పెదాలొకటి మాటొకటిగా వేశారు. మా సీరియల్ని నిలబెట్టాలని పాత రోజుల ఘట్టం పెట్టారు గాని, దానికి పేరున్న సినిమా నటుణ్ణి తెచ్చారు. తండ్రి ముఖం మారాక గోడ మీద ఫొటో కూడా మారాలి కదా. మేకు కొట్టాల్సినవాడు వడ్రంగే కదా!

ఆరోజు నేనక్కడే ఉన్నాను. సెట్ కిటికీలకి కర్టెన్లు కుట్టి తీసుకెళ్ళాను. మా ఆయన నిచ్చెనెక్కి తనని తనే దింపుకోవడం నా కళ్ళతో చూశాను. ఫొటో తీసినచోట గోడ రంగు తెల్లగా తేలింది. కొత్త ఫొటో పెద్దది, అదంతా కప్పేసింది. "వంకరగా ఉందా సార్?" అని కూడా అడిగాడు.

చిన్నకూతురు వచ్చి నిలబడింది. ఇప్పుడు ఎదిగిన పిల్ల. ఫొటో వంక చూసింది. ఏడుపు రాలేదు. మళ్ళీ చూసింది. రాలేదు.

"ఈయనెవరో నాకు తెలీదు సార్," అంది.

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. "ఇది నీ ముఖం మీద షాటమ్మా, ఫొటో కనబడదు. కెమెరా పక్కన ఎవరినైనా నిలబెడతాను, వాళ్ళని చూసి చెప్పు. ఎవర్ని పెట్టను?"

"మేస్త్రిగారిని," అంది ఆ పిల్ల.

అప్పటికే అలవాటు కొద్దీ బయటికి నడుస్తున్నాడు ఈయన. వెనక్కి లాక్కొచ్చి నిలబెట్టారు. చేతిలో సుత్తి ఎవరో తీసుకున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కోటు లేని ఛాతీ మీద పెట్టుకున్నాడు.

ఆ పిల్ల తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "నాన్నా," అంది.

"ఏమ్మా," అన్నాడు మా ఆయన.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల గడ్డం వణికింది. చెప్పాల్సిన మాటలు బోలెడున్నాయి, ఒక్కటీ చెప్పలేదు. ఆయన్నే చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. డైరెక్టర్ అరవబోయి, ముందున్న తెరలో ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాడు. చాలాసేపటికి గాని "కట్" అనలేదు.

"సారీ సార్, డైలాగ్ మర్చిపోయాను," అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ. మేకప్ గది గుమ్మం దగ్గర ఆగి, "థాంక్స్ మేస్త్రిగారూ," అని లోపలికి వెళ్ళిపోయింది. ఈయన తలూపి సుత్తి కోసం వెతుక్కున్నాడు.

పాత ఫొటో సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాం. సగం దూరం వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "విన్నారుగా. ఇక చాలా?"

"చాల్లేదే," అన్నాడు. అని అక్కడే, నడివీధిలో, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ భాగం తర్వాతి వారం వచ్చింది. ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. ఆ పిల్ల ముఖం తెర నిండా ఉంది. "నాన్నా," అంది. మా ఆయన మాట వచ్చేచోట మాట లేదు. తుడిచేసి వయొలిన్ పెట్టారు. ఆ పిల్ల మాత్రం ఎవరో పలికినట్టు అలాగే చూస్తోంది.

పక్కకి తిరిగాను. ఆయన నోరు తెరిచాడు. తెరిచి, భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అవతల ఆ పిల్ల ఇంకా చూస్తూనే ఉంది. పిలిచిన పిల్లని అలా ఎంతసేపని నిలబెడతాం?

"ఏమ్మా," అన్నాను నేను.