మేకు కింద వేరే గ్లాసు

బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఎవరికైనా కాస్త ఉత్సాహం ఉంటుంది. నాకైతే కాలు నేల మీద నిలవలేదు. ఆ రోజుల్లో కొత్తకోటలో హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఒక ఆదివారం మా పాస్టరయ్య "మీరు దేవుని కొరకు ప్రత్యేకింపబడినవారు" అన్నాడు. ఎందుకు ప్రత్యేకించాడో కూడా ఆ తర్వాత చాలాసేపు చెప్పాడట. నేను వినలేదు. ప్రత్యేకంగా కనిపించడం ఎలాగా అన్న ఆలోచనలో పడిపోయాను. మొదట తెల్లచొక్కా తొడుక్కుని పనికి వెళ్లాను. (లారీ కింద దూరి బయటికి వచ్చాక ఆ చొక్కా మా అమ్మకు మసిగుడ్డగా పనికొచ్చింది.)

షెడ్డులో అందరం ఉన్న కొద్ది గ్లాసుల్లోనే ఒకరి తర్వాత ఒకరం చాయ్ తాగేవాళ్లం. మా మేస్త్రి రోజూ అగరొత్తి వెలిగించనిదే పానా పట్టేవాడు కాదు. నాతో పనిచేసే బక్కోడి మెడలో (అసలు పేరు వాడికే గుర్తుండేది కాదు) తాయెత్తు. నేను ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చి, దాని మీద ఎర్ర పెయింటుతో సిలువ వేసి, గోడకు నా సంచి తగిలించే మేకు కింద పెట్టి, "ఎవరూ ముట్టొద్దు" అన్నాను. అన్నం కూడా అవతల పాత టైర్ల మీద ఒక్కడినే కూర్చుని తినేవాడిని. ఎందుకని అడిగితే కళ్లు మూసుకుని నవ్వేవాడిని. (ఆ నవ్వు పవిత్రంగా ఉందనుకున్నాను. కడుపునొప్పి వచ్చినవాడిలా ఉండేదని తర్వాత తెలిసింది.)

వారం తిరక్కుండానే మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. మా నాయనమ్మ వాకిట్లో పల్లీలు ఒలుస్తోంది.

"అవ్వా, నీ మనుమనికి ఏదో అంటురోగమైనట్టున్నది. మాకు అంటొద్దని గ్లాసు వేరే పెట్టుకున్నడు, దూరం కూసోని తింటుండు. పాపం, నోరిప్పి చెప్తలేడు. జర దవాఖానకు తీస్కపో. పని గురించి పరేషాన్ గావద్దు, వాని జాగ వానికే ఉంటది" అన్నాడు.

లోపల విన్న నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బయటికి వచ్చి, రోగం లేదనీ, దేవుని కోసమే వేరుగా ఉంటున్నాననీ వాక్యంతో సహా చెప్పాను. మా ఇంట్లో మొదట ప్రభువును నమ్ముకున్నది మా నాయనమ్మే. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మా చిన్నప్పుడు హోటల్ల మనోళ్లకు గ్లాసు వేరే పెడ్తుండ్రి. తాగి, మనమే కడిగి, బయట సూరు కింద పెట్టి రావాలె" అంది. "గప్పుడు వాక్యం చెప్పే ఒక అయ్యగారు మా గుడిసెకొచ్చి నేను తాగిన చెంబుతోనే నీళ్లు తాగిండు. గందుకే నేను యేసయ్య కాడికి పోయిన. నువ్వు గా గ్లాసు మల్ల తెచ్చినవారా? దేవుడు నిన్ను ఏరుకున్నది పదిమందికి పనికొస్తవని. గిట్ల ఒక్కనివి కూసోని తిననీకి కాదు."

నాకు ఏడుపొచ్చింది. మేస్త్రి మాత్రం పగలబడి నవ్వాడు. "రోగం లేదా? ఎంత పని చేస్తివిరా! నీకు నయమైతే గుండు కొట్టించుకుంటనని బక్కోడు కురుమూర్తి సామికి మొక్కిండు!"

మర్నాడు మేకు కింది గ్లాసు తీసి అందరి గ్లాసుల్లో కలిపేశాను. రెండు రోజులకు బక్కోడు నున్నటి గుండుతో వచ్చాడు.

"నాకు రోగమే లేకపాయె గదరా, గుండెందుకు?" అన్నాను.

"గదంత నాకు తెల్వదు. మొక్కిన, ఇచ్చిన" అని చాయ్ సగం తాగి, మిగతాది నాకిచ్చాడు.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది, సంఘంలో పెద్దల వరసలో కూర్చుంటాను. కొత్తగా బాప్తిస్మమైన పిల్లలు ముఖం బిగించుకుని, "అన్నా, దేవుని కోసం ప్రత్యేకంగా ఎట్ల బతకాలె?" అని అడుగుతారు. వాక్యం తీసి చూపిస్తాను. మనసులో మాత్రం ఎండకు మెరుస్తున్న ఆ గుండు మెదులుతుంది. నేను మొక్కని దేవుడి దగ్గర నా కోసం జుట్టిచ్చి వచ్చినవాడు వాడు. ఇక టైర్ల మీద ఒంటరిగా కూర్చుని కళ్లు మూసుకుని నవ్వే ఆ కుర్రవాడంటారా, వాడి మీద నాకు కోపం రాదు. దేవుడి కోసం అంత ఆరాటపడటం మళ్లీ నావల్ల కాలేదు. వాడు ఎదురైతే మాత్రం, "ఇటు రారా, చాయ్ చల్లారుతుంది" అని పిలుస్తాను.