ప్రసాదం పుచ్చుకున్న అధ్యక్షురాలు

మా ఊరి కబడ్డీ సంఘానికి నేను అధ్యక్షురాలిని. ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఆ నవ్వు ఎప్పుడో అయిపోయింది. తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే దారిలో మాకొక మామిడితోట ఉంది. అందులో కాపు ఉడిగిన చెట్లు కొట్టేసిన చోట కొంత చదును నేల మిగిలింది. మా నాయన నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన నేల అది. ఊరి పిల్లలు ఏళ్ళ తరబడి అక్కడే ఆడుతున్నారు. నేల గల మనిషిని కుర్చీలో కూర్చోబెడితే నేల ఎటూ పోదని సంఘం వాళ్ళ ఆలోచన. అలా నా మెడలో దండ పడింది.

ఆటలో నా పాండిత్యం గురించి ఒక్క ముక్క చెబుతాను. మొదటి ఏడాది పోటీల్లో మా ఊరి పిల్లవాణ్ణి అవతలి జట్టు మొత్తం మీదపడి పట్టేసుకుంటే, ఎంత ప్రేమగా కౌగిలించుకున్నారో అనుకుని చప్పట్లు కొట్టాను. మా ఆయన కొండకు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా ఎవరినీ ఒక మాట అనని ఆయన, ఆ రోజు నలుగురిలో "మేయ్, చేతులు దించు. అవుటైంది మనోడే" అన్నాడు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించాడు. అందుకు ఆయనకూ, ఆయన్ను నాకు తండ్రిగా ఇచ్చిన స్వామికీ ఇప్పటికీ పొద్దున్నే ఒక దండం పెట్టుకుంటాను. ఇంట్లో చదువుకున్నవాళ్ళకు ఒక చిక్కుంది. పరీక్ష పెట్టేవాళ్ళుండరు. నాకు తెలిసిందంతా సరైనదేననుకుంటూ అరవై ఏళ్ళు హాయిగా గడిపేశాను.

అన్నిటికంటే నాకు గర్వం నా క్షమాగుణం మీద. పాలలో నీళ్ళు కలిపే మనిషిని క్షమించాను. వెండి కుంకుమభరిణ అడిగి తీసుకుపోయి తిరిగివ్వని తోడికోడలిని క్షమించి ఇరవై ఏళ్ళయింది. ఆ సంగతి ఆమె మరిచిపోకుండా ప్రతి పెళ్ళిలోనూ గుర్తు చేస్తూనే ఉన్నాను.

ఇంత గొప్ప గుణానికి తగిన పని పోయిన వేసవిలో, కాయలు దింపే రోజుల్లో వచ్చిపడింది.

మా ఊరివాడే ఒకతను రాష్ట్రజట్టులో కబడ్డీ ఆడాడు. అతని ఫోటో మా పంచాయతీ ఆఫీసులో చాలాకాలం ఉండేది. ఒక శిక్షణ శిబిరంలో, తనలాగే ఆడడానికి వచ్చిన ఒక అమ్మాయి మీద అతను లైంగికదాడి చేశాడు. కోర్టులో నేరం రుజువైంది. జైలుకు పోయాడు. శిక్ష మొత్తం అనుభవించి ఊరికి తిరిగొచ్చాడు. ఊరు రెండుగా చీలింది అని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ, మా ఊరు చీలలేదు. సంఘంలో ఉన్న మగవాళ్ళందరిదీ ఒకే మాట. ఆ మాట నాకు చెప్పడానికి సంఘం కార్యదర్శి వచ్చాడు. ఆయనది ఎరువుల అంగడి.

"అక్కా, తప్పు చేసినాడు, అనుభవించినాడు. ఇంక ఎన్నాళ్ళని నెత్తిన మోయల్ల? వాని చేతిలో విద్య ఉండాది. మన పిల్లోళ్ళకు నేర్పనీ. ఆడపిల్లోళ్ళకు గూడా జిల్లా సెలక్షన్లు వస్తా ఉండాయి. ఇంత పెద్ద ఆటగాడు మనకు యాడ దొరుకుతాడు?"

ఆలోచించి చెబుతానన్నాను. పెద్దరికం అంటే ఆలోచించి చెబుతాననడమేనని అప్పటికి నేర్చుకున్నాను.

మూడోనాడు పొద్దున అతనే మా గేటు దగ్గరికి వచ్చాడు. నున్నటి గుండు, దాని మీద ఆరీ ఆరని గంధం. "అమ్మా, కొండకు పోయొచ్చినా. ప్రసాదం" అని లడ్డు చేతికందించాడు. నేను రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాను. స్వామి ప్రసాదం ఎవరి చేతి మీదుగా వచ్చినా మా ఇంట్లో వద్దనరు. పైగా ఆ గుండు చూడగానే నా మనసుకు పెద్ద సదుపాయం కలిగింది. తలనీలాలతో పాటు ఆ పాపమూ కత్తి కిందికి పోయింది, స్వామే తీసుకున్నాక మధ్యలో నేనెవరిని అనుకున్నాను. నా క్షమకు నాకే కళ్ళు చెమర్చాయి.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో కార్యదర్శి ఫోన్ చేశాడు. "ప్రసాదం తీసుకున్నావంట గదక్కా. సల్లని మాట. గురువారం మంచిదంట, ఆ పొద్దే మొదలుపెట్టిస్తాం."

నేను ఔననలేదు. కాదని కూడా అనలేదు. మా పక్క ప్రసాదం పుచ్చుకుంటే తాంబూలం పుచ్చుకున్నట్టే.

మా ఆయన పేపరు వెనక నుంచి అడిగాడు. "అయితే క్షమించేసినావా?"

"మనమెవరం క్షమించకపోవడానికి?"

"అది కాదు మే. నిన్నేం చేసినాడని నువ్వు క్షమించేది?"

రిటైరైన మగవాళ్ళకు పని లేక వేసే ప్రశ్నల్లో ఇదొకటని లెక్క చేయలేదు.

ఆ సాయంత్రం మిగిలిన లడ్డు గిన్నెలో పెట్టుకుని నేలకు పోయాను. ఏడుగురు ఆడపిల్లలు గీతలు గీసుకుని ఆడుకుంటున్నారు. "రాండి రాండి, మీ కొత్త సారు తెచ్చిన ప్రసాదం" అని తలా ఒక ముక్క పెట్టాను. అందరూ తిన్నారు. వాళ్ళ కెప్టెన్ మాత్రం తినలేదు. ఇంటరు చదివే పిల్ల. వాళ్ళమ్మ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి పోతుంది. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగడం. ఆ పిల్ల ముక్కను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోబోయింది.

నాకు మండిపోయింది. దేని మీద అనుకున్నారు? లడ్డు మీద.

"ఏం మే, స్వామి ప్రసాదం గోడ మింద పెట్టి పోతావా? కండ్లు పోతాయి!"

"స్వామి మింద నాకేం లేదు పెద్దమ్మా" అంది ఆ పిల్ల. "నేను రేపట్నించి రాను."

"సెలక్షన్లు పెట్టుకుని ఇప్పుడెందుకు రావు?"

"పట్టు ఎట్లా నేర్పుతారో ఎప్పుడన్నా సూసినావా నువ్వు?"

చూడలేదు. అధ్యక్షురాలిని కదా.

ఆ పిల్ల గీత దగ్గరికి పోయి వంగి చూపించింది. "కాలి పట్టు నేర్పల్లంటే సారు మన చీలమండ పట్టుకోవల్ల. నడుము పట్టంటే నడుము పట్టుకోవల్ల. ఎనక నుంచి వచ్చి మింద పడల్ల. అట్లా పడితేనే ఆట వస్తాది. ఆయన పట్టుకున్నప్పుడల్లా ఇది ఆటకా ఇంకోదానికా అని సూసుకుంటా ఉంటే, నేను కూత ఎట్లా పెట్టేది?"

నా నోటికొచ్చిన మాట నాది కాదు, కార్యదర్శిది. "శిక్ష పడింది గదా తల్లీ. మనిషి మారడా?"

"మారినాడేమో. మారినాడో లేదో సూసేదానికి నా కాలే దొరికిందా?"

"మీ అమ్మకు చెప్పినావా?"

"చెప్తే మాన్పిస్తాది. ఆయన్ని కాదు గదా మాన్పించేది, నన్నే."

చున్నీతో ముఖం తుడుచుకుని సైకిలెక్కి వెళ్ళిపోయింది. గోడ మీది ముక్క చీమలు పట్టకముందే తీసి నేనే నోట్లో వేసుకున్నాను. అది గొంతు దిగడానికి చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఆ రాత్రీ మర్నాడూ నేను ఎంతో లోతుగా ఆలోచించానని రాయాలని ఉంది. నిజానికి ప్రసాదం తిన్నాక మాట ఎలా వెనక్కి తీసుకోవాలన్న దాని గురించే ఆలోచించాను. దేవుడి గదిలో కూర్చుని, స్వామీ, నువ్వే ఏదో ఒకటి చెయ్యి, గురువారం వాన కురిపించినా చాలు అని వేడుకున్నాను. అలా కూర్చున్నప్పుడే నాయన చదివించిన కథలు గుర్తొచ్చాయి. పాపం చేసినవాడు అడవికి పోతాడు, తపస్సు చేస్తాడు, దేవుడు దిగివస్తాడు, పైనుంచి పూలవాన. వాడి చేతిలో ఏడ్చినవాళ్ళు మాత్రం కథలో ఏదో ఒక పుట దగ్గర ఆగిపోతారు. తరవాత ఏమయ్యారని నేను నాయనను ఎప్పుడూ అడగలేదు. పూలవాన దగ్గరికి త్వరగా రావాలని పుటలు తిప్పేదాన్ని.

గురువారం వాన రాలేదు. నేలలో ఓ పక్కనున్న రేకుల పందిరి కింద కుర్చీలు వేశారు. సంఘం వాళ్ళు, అతను, కొబ్బరికాయ. చెప్పాలనుకున్న మాటలు దారి పొడవునా వల్లించుకుంటూ పోయాను. తీరా నిలబడితే అన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది.

"ఆడపిల్లోళ్ళకు ఈయన వద్దు."

కార్యదర్శి కొబ్బరికాయ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఇదేందక్కా! ప్రసాదం తీసుకుని మాట మార్చేది యాడి పద్ధతి?"

"ఆడోళ్ళను పెద్దగా పెడితే ఇంతేలేప్పా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ప్రసాదం స్వామిది, తిన్నాను" అన్నాను. "పిల్లోళ్ళను ఇస్తానని నేను స్వామికి గూడా చెప్పలా."

"అట్లయితే ఈయన బతకద్దా? జైలు నుంచి వచ్చినోడు గాలి తిని బతకల్లా?"

న్యాయమైన ప్రశ్నే. దానికి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. "బతకల్ల. కోతకు మనుషులు కావల్ల, మా తోటకే రానీ. మీ పెద్దోళ్ళ జట్టులో ఆడించుకుంటారో లేదో మీ ఇష్టం. పిల్లోళ్ళ కాళ్ళూ నడుములూ పట్టుకునే పని మాత్రం వద్దు."

అప్పుడు అతను లేచాడు. "అమ్మా, నేను మారినా. కొండ మింద ఒట్టు."

అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. అందుకే కాబోలు, అడగాలని ముందు అనుకోని మాట అడిగేశాను. "ఆ పిల్ల ఇప్పుడు ఆడతా ఉండాదా నాయనా?"

"ఏ పిల్లమ్మా?" అన్నాడు. అన్న తరవాత అతనికి అర్థమైంది. తల దించుకున్నాడు. "తెలీదు."

కార్యదర్శి వైపు చూశాను. ఆయనకూ తెలియదు. రేకుల కింద ఉన్న పదిమందిలో ఎవరికీ తెలియదు. అతను ఏ పోటీలో ఎంతమందిని అవుట్ చేశాడో పసిపిల్లలకు కూడా తెలిసిన ఊరు మాది. నేను మాత్రం తక్కువ తిన్నానా? అతని గుండు చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నదాన్ని. శిబిరంలోని ఆ అమ్మాయిది ఏ ఊరో కూడా ఎన్నడూ అడగలేదు. తోడికోడలు తీసుకుపోయిన భరిణ మీద ఏ పువ్వు చెక్కి ఉందో చెప్పమంటే ఇప్పుడే చెబుతాను.

ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు.

తరవాతి వారం సంఘం నా నేలను వదిలి పక్క ఊరికి పోయింది. పరుచుకునే పట్టాలు, విజిళ్ళు, నా పేరు రాసిన బోర్డు అన్నీ తీసుకుపోయారు. బోర్డు వాళ్ళకెందుకో తెలియదు. అతను అక్కడ పెద్దవాళ్ళ జట్టులో ఆడుతున్నాడనీ, బాగా ఆడుతున్నాడనీ విన్నాను. ఆడనీ. మా ఆయన ఇప్పటికీ ఉండబట్టలేక "క్షమించినావా లేదా మే?" అంటాడు. ఆ కౌంటరు నాది కాదు, పక్క కిటికీలో అడుగు అంటాను. బస్సు మనిషికి ఆ భాష తొందరగా అర్థమవుతుంది.

ఒక ఆదివారం కెప్టెన్ పిల్ల ఇంటికి పోయి, వాళ్ళమ్మకు జరిగిందంతా చెప్పాను. రోజూ ఐదు నుంచి దీపాలు పెట్టేదాకా నేలలో నేనే కూర్చుంటానని మాటిచ్చాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే అంతా విన్నది. "నువ్వు కూసుంటావు సరే అక్కా. నీకు ఆట తెలుసునా?" అంది.

"తెలీదు. మనుషుల్ని చూసేది నేర్చుకుంటా ఉండాను."

పిల్ల తిరిగొచ్చింది. కానీ నేర్పేవాళ్ళు లేరు. ఫోన్లో వీడియోలు చూసుకుని, ఒకరి మీద ఒకరు పడి, మోచేతులు గీరుకుపోయి నేర్చుకున్నారు. తిరుపతిలో ఎంపికలకు వాళ్ళ వెంట నేనూ బస్సెక్కాను. మా పిల్ల కూతకు పోతే నిప్పే. పట్టు దగ్గర మాత్రం రెండుసార్లు జారవిడిచింది. జట్టులో తీసుకున్నారు, కానీ అదనపు ఆటగత్తెగా. ఎంపిక చేసిన మేడమ్ నాతో "పాపకు పట్టు సరిగా నేర్పలేదే, కోచ్ ఎవరు?" అంది. అధ్యక్షురాలు చెప్పుల వైపు చూసుకుంది. ఆ మేడమ్ నెలకు రెండు ఆదివారాలు మా నేలకు వస్తానంది. ఆమె చల్లగా ఉండాలి.

మర్నాడు సాయంత్రం నేను కుర్చీ వేసుకుని కూర్చోగానే పిల్ల వచ్చి చెయ్యి పట్టి లేపింది.

"వీళ్ళంతా బక్కోళ్ళు పెద్దమ్మా. బరువైన మనిషిని పట్టి నేర్చుకోమనింది మేడమ్. నువ్వు కూతకు రా."

"నేనా?"

"మన ఊర్లో నీకంటే బరువు ఎవురుండారు?"

పైట చుట్టి, కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు విడిచి గీత దాటాను. ఊపిరి పట్టి కూత పెట్టబోతే నోట్లోంచి గోవిందా గోవిందా అని వచ్చింది. ఏడుగురూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే పిల్ల మూల నుంచి దూకి నా చీలమండ గట్టిగా పట్టేసింది. ఎవరైనా కాళ్ళు పట్టుకుంటే నా నోరు నా మాట వినదు. "చల్లగా ఉండు తల్లీ" అంటూనే మట్టిలో వెల్లకిలా పడ్డాను.

"అవుట్!" అని అరిచింది ఆ పిల్ల, నా కాలు వదలకుండా.