మీరు పోండంటే మీరు పోండి

నన్ను గోదావరిఖనికి పిలిచింది ఉపన్యాసం ఇవ్వడానికి. చౌరస్తాల దగ్గర సైకిళ్ళు తొక్కేవాళ్ళూ బండ్లు నడిపేవాళ్ళూ బాధ్యత ఎలా పంచుకోవాలో బడిపిల్లలకు చెప్పాలట. పిలిచిన సుజాత నా పాత సహోద్యోగి, ఇప్పుడు అక్కడి బాలికల పాఠశాలకు పెద్దటీచర్. ఈ విషయంలో నా అర్హత చాలా చిన్నది. యాభై దాటాక షుగర్ వచ్చి డాక్టరు నడవమంటే, నడకకు బద్ధకించి సైకిల్ కొన్నాను. కొన్న నెల తిరక్కుండానే అందరికీ సలహాలివ్వడం మొదలుపెట్టాను. హన్మకొండలో మా వీధివాళ్ళు నన్ను చూస్తే తలుపులు వేసుకుంటున్న రోజుల్లో, కొత్త శ్రోతలు దొరుకుతారనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

పొద్దున ఏడు దాటాక కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కాను. నాది మడతపెట్టే సైకిల్, సీటు కింద పడుతుందని అమ్మినవాడు చెప్పాడు. పట్టలేదు. సగం సీటు కింద, సగం నా ఎదురుగా కూర్చున్నాయన కాళ్ళ మీద సర్దాను. ఆయన పేరు కొమురయ్య, బొగ్గుబాయిలో రెండో షిఫ్టు డ్యూటీకి వెళ్తున్నాడు.

"గిదేంది మేడం, సైకిలా, మడత మంచమా?" అన్నాడు.

సైకిలేననీ, రామగుండం స్టేషన్ నుంచి దాని మీదే గోదావరిఖని పోతాననీ చెప్పాను.

"జర పైలం. ఆడ బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు తిరుగుతయి."

"రూల్సు తెలిసినవాళ్ళకు ఫికర్ లేదండీ," అన్నాను. ఆయన జమ్మికుంటలో పల్లికాయలు కొని నాకూ ఓ పిడికెడు పెట్టాడు. పెద్దపల్లి దాటేదాకా నేను ఆయనకు రూల్సు చెబుతూనే ఉన్నాను, ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నాడు.

పది కావస్తుండగా రామగుండంలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, పల్లీ చట్నీ బాగుంటుంది. గోదావరిఖనికి ఆటోలు వరసగా ఉంటాయి. మీరెవరైనా వెళ్తే ఆటోలోనే వెళ్ళండి. నేను మాత్రం నా చిలకపచ్చ జాకెట్టు తొడుక్కుని, పుచ్చకాయ డిప్పలాంటి హెల్మెట్టు పెట్టుకున్నాను. ఇడ్లీలు పెట్టినామె నన్ను కిందా మీదా చూసి, "మున్సిపాల్టీల కొత్తగ వచ్చిన్రా అక్కా?" అని అడిగింది.

రోడ్డు వెడల్పుగా, బాగానే ఉంది. పవర్ హౌస్ పొగగొట్టాలు ఎంత తొక్కినా పక్కనే నడుస్తున్నట్టుంటాయి. చెట్ల ఆకులు బూడిదతో తెల్లబడ్డాయి, రోడ్డు అంచులు బొగ్గుపొడితో నల్లబడ్డాయి. నేను ఉపన్యాసం పైకే వల్లెవేస్తూ తొక్కాను. రెండు వాక్యాలకోసారి లారీ వచ్చి నా నోట్లో ఇంత దుమ్ము పోసి పోయింది.

ఊళ్ళోకి వచ్చాక మొదటి పెద్ద చౌరస్తాలో ఆగాను. నేను నేరుగా పోవాలి. నా కుడిపక్కన ఒక తెల్లకారు ఎడమకు తిరగడానికి ఆగి ఉంది. దాన్ని నడుపుతున్న యువకుడు అద్దంలోంచి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఉపన్యాసకురాలిని, మర్యాదలో అతనికి తీసిపోతానా? మీరే పోండని నేనూ ఊపాను. అతను మళ్ళీ ఊపాడు. నేనూ మళ్ళీ ఊపాను. చివరికి, సరే ఇంతగా అడుగుతున్నాడు కదా అని నేను కదిలాను. ఇంతగా అడుగుతోంది కదా అని అతనూ కదిలాడు.

కారు మూల నా హ్యాండిల్‌కు తగిలింది. నేను ఎగిరి బొగ్గుపొడిలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయి రక్తం వచ్చింది. ముందు చక్రం అప్పడంలా వంగింది.

చుట్టూ జనం చేరారు. నన్ను లేపి, రాతి మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించారు. "కారోనిదే తప్పు!" అని నలుగురూ తీర్పిచ్చారు. స్కూటర్ మీద వచ్చిన ఒక పెద్దమనిషి కారు తాళంచెవి లాక్కుని జేబులో వేసుకుని, "పోలీసులు వచ్చేదాక బండి కదలది," అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాకు హాయిగా ఉంది. ఇంట్లో కూడా ఇంతమంది ఒక్కసారిగా నా పక్షాన మాట్లాడింది లేదు. అందుకని మూలుగు కాస్త పెంచాను.

ఆ యువకుడు జబ్బార్, మెకానిక్. మేనమామ షెడ్డులో పని చేస్తాడు. కారు అతనిది కాదు, రిపేరుకొచ్చింది. నడిపి చూసి, ఇంటిదగ్గర అప్పగించడానికి తీసుకెళ్తున్నాడు. అతని ఫోన్ ఆగకుండా మోగుతోంది. "హౌ మామూ, ఆరౌఁ, బస్ ఆరౌఁ," అంటూ, వచ్చేస్తున్నానని మేనమామకు సర్దిచెప్పి, నా వైపు తిరిగాడు.

"మేడం, కారు సారు వాళ్ళ అమ్మను డయాలసిస్‌కు కరీంనగర్ దవాఖానకు తీస్కపోవాలె. గేటుకాడ కూసున్నరట. ముందు మిమ్ముల దవాఖానల దింపుత, కారు గాళ్ళకిచ్చి మళ్ళ ఈడికే వస్త. పోలీసులు ఏం జేస్తే గది చెయ్యనీయిన్రి."

నా మూలుగు ఆగిపోయింది. అక్కడెక్కడో ఒక ముసలావిడ గేటు దగ్గర కూర్చుని ఉంది. నేనిక్కడ సానుభూతి తాగుతూ కూర్చున్నాను.

లేచి నిలబడ్డాను. "తప్పు ఇద్దరిదీ. నేను చెయ్యి ఊపి, అతను పోయేదాకా ఆగకుండా కదిలాను. అతనూ అంతే. తాళంచెవి ఇచ్చెయ్యండి," అన్నాను.

పెద్దమనిషి నన్ను జాలిగా చూశాడు. "అక్కా, తలకు గిట్ల తాకిందా?"

"తాకలేదు."

"పాపం, మంచి మనిషి," అన్నారెవరో వెనకనుంచి. అబద్ధానికి అంతమంది సాక్షులు దొరికారు, నిజానికి ఒక్కరూ దొరకలేదు. చివరికి ముప్పై ఏళ్ళు తరగతి గదుల్లో వాడిన గొంతు బయటికి తీశాను. "పడ్డది నేను! కొట్లాట నాకే లేనప్పుడు మీకెందుకు? ఆడ పేషెంటు ఎదురుచూస్తున్నది!" పెద్దమనిషి ఉలిక్కిపడి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కొట్టడానికి కాదు, సాయానికే అంతమంది ఆగారని అప్పుడు అర్థమైంది. సైకిల్‌ను డిక్కీలో పెట్టింది కూడా వాళ్ళే.

మోచేతికి చున్నీ చుట్టుకుని, ముందు కారు ఇచ్చేద్దామన్నాను. కారాయన గేటు బయటే నిలబడి ఉన్నాడు. మూల మీద సొట్ట చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

"ఏందిరా జబ్బారూ ఇది!"

"అందులో సగం నాది," అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. ఆయన తల్లి రాజవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. నా చున్నీ మీద రక్తం చూసి, "బిడ్డా, నీ చెయ్యి చూపిచ్చుకో ముందు," అంది. కొడుకుతో, "సొట్ట పడితే పడ్డది, జల్ది పోనియ్యి," అంది. డిక్కీలోంచి సైకిల్ దించుకోగానే కారు కదిలిపోయింది.

ఆటోలో దవాఖానకు వెళ్తే రెండు కుట్లు పడ్డాయి. వంగిన సైకిల్‌ను జబ్బార్ మేనమామ షెడ్డులో దింపి, తన మోటార్‌సైకిల్ తీశాడు. మధ్యాహ్నం ఉపన్యాసానికి నేను దాని వెనక కూర్చుని, సైకిల్ హెల్మెట్టుతో, చేతికి కట్టుతో చేరుకున్నాను. సుజాత పరుగున ఎదురొచ్చి నన్ను పట్టుకుంది. వల్లెవేసిన ఉపన్యాసంలో నాకు ఒక్క వాక్యమూ గుర్తులేదు. గేటు దగ్గర నుంచి జారుకోబోతున్న జబ్బార్‌ను వేదిక మీదికి లాక్కొచ్చి, జరిగింది జరిగినట్టు ఇద్దరం చెప్పాం.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "మరి మీ ఇద్దరిల ముందు ఎవరు పోవాలె మేడం?"

"అతను," అన్నాను. "మేడం," అన్నాడు జబ్బార్. ఇద్దరం ఒకేసారి. హాలంతా గొల్లుమంది.

నవ్వు తగ్గాక జబ్బార్ తల గోక్కున్నాడు. "నేరుగ పోయేటోళ్ళు ముందు పోవాలె. తిరిగేటోడు ఆగాలె. గది నాకెర్కే. గని చెయ్యి ఊపుకుంట కూసున్న. అద్దం దించి ఒక్క మాట అడిగితే అయిపోవు."

"నేనూ కారు మూలన నక్కి నిలబడకుండా, అతనికి బాగా కనపడేట్టు ముందుకొచ్చి ఆగాల్సింది. పొమ్మన్నాక, అతను పోయేదాకా కాలు నేల మీంచి తియ్యకుండా ఉండాల్సింది," అన్నాను.

ఉపన్యాసం అంతే. అంత చిన్నది నేనింతవరకు ఇవ్వలేదు. అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు కూడా.

సాయంత్రం రైలుకు జబ్బార్ సైకిల్ స్టేషన్‌కు తెచ్చిచ్చాడు. చక్రం చాలావరకు సాపైంది, కొంచెం ఊగుతుంది. మేనమామ తిట్టాడా అంటే, "మస్తు తిట్టిండు. రేపు సొట్ట తీసిస్తే ఊకుంటడు," అని నవ్వాడు.

ఓదెల దాటుతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రాజవ్వ. జబ్బార్‌ను అడిగి నంబరు తీసుకుందట.

"బిడ్డా, చెయ్యి ఎట్లున్నది?"

నేనడగాల్సిన మాట ఆవిడ అడిగింది. బాగుందని చెప్పి, "మీకెట్లుందవ్వా? టైముకు చేరిన్రా?" అన్నాను.

"చేరినం. అయిపోయింది, ఇంటికి పోతున్నం. వీడు దారిపొంట ఎవలు అడ్డమొచ్చినా అద్దం దించి అడుగుతుండు, జబ్బారు చెప్పిండట. ఎప్పుడు చేరుతమో ఏమో," అంది. గొంతు అలసిపోయి ఉంది, కానీ నవ్వుతోంది. వెనక కొడుకు ఎవరితోనో "నువ్వు పో అన్నా," అనడం వినిపించింది.