చప్పట్లు పడే చోటు

సుగుణ పాటను నేను బాగు చేశానని మా వాళ్లందరూ చెబుతారు. అది అబద్ధం.

చెప్పేవాళ్లు అబద్ధాలకోరులు కారు. తెలిసిందే చెబుతున్నారు. మా గ్రూపులో ఎవరు కొత్తగా చేరినా నన్ను చూపించి, "మేడం ఒక్క మాట అన్నారు, పాట నిలబడింది" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. కాదని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. నలుగురు కూర్చుని కూరలో ఉప్పు సరిపోయిందంటే లేదని వాదనకు దిగే మనిషిని నేను. అలాంటిదాన్ని ఈ ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకుని మెచ్చుకోలు పుచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలే నా బరువు. ఎవరైనా తిట్టి ఉంటే తిరిగి తిట్టి దించుకునేదాన్ని. పొగడ్తను ఎవరి మీదకు విసరను?

నేనెవరో చెప్పను. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతానంటే చాలు. నా నోటిని బట్టి కనిపెట్టేస్తే మాత్రం మీ ఇష్టం.

మాదొక వాట్సాప్ గ్రూపు. సొంతంగా బాణీలు కట్టుకునే సరదా ఉన్నవాళ్లం. ఎవరికీ అది బతుకుతెరువు కాదు. చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లు ముగ్గురు, గొలుగొండ నుంచి ఒక చెరకు రైతు, బ్యాంకులో పనిచేసే ఒకాయన, నేను, ఇంకా కొందరు. చేసినవి పంపుకుంటాం, ఒకరివొకరు విని తప్పొప్పులు చెప్పుకుంటాం. కొందరు కొత్త బాణీ కడతారు. కొందరు చిన్నప్పుడు ఆడిన వీడియో గేముల సంగీతం తీసుకుని, తాళం మార్చి, డప్పు కలిపి రీమిక్స్ చేస్తారు. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టీవీకి తగిలించి, క్యాసెట్టు గుచ్చి ఆడే గేములు. అందులోని బొమ్మలు మరిచిపోయాం గానీ ఆ టింగు టింగుమనే పాటలు మరిచిపోలేదు.

గ్రూపు పెట్టింది సైమన్ మాస్టారు. బడిలో రిటైరై, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే పెద్దమనిషి. నియమాలు ఆయనవే. దండాల బొమ్మలూ పూల బొమ్మలూ పెట్టకూడదు. ఎంత బాగున్నా ఒక్క లోపమైనా చెప్పాలి. రెండుసార్లు వినకుండా అసలు నోరు విప్పకూడదు.

మొదటి రెండు నియమాలూ నాకోసమే పుట్టాయనుకునేదాన్ని. బ్యాంకాయన ఒకసారి ఏదో పంపిస్తే, "ఏటీఎంలో కార్డు ఇరుక్కున్నట్టుంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు" అని రాశాను. పాపం ఆయనే ముందు నవ్వాడు. నా మాటకు భయపడేవారు, అయినా నా మాట కోసమే ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపు నాకు అలవాటైపోయింది. తలకెక్కింది అనడం నిజానికి దగ్గర.

సుగుణ నాకంటే నాలుగైదేళ్లు చిన్న. మందుల షాపులో పనిచేసేది, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేది. గ్రూపులో పెద్దగా మాట్లాడేది కాదు. ఒక వేసవి సెలవులంతా కూర్చుని నేనొక బాణీ కట్టాను. పంపితే అందరూ మెచ్చుకున్నారు. లోపం చెప్పాలి కాబట్టి చివర కొంచెం తగ్గిస్తే బాగుండునని ఏదో అన్నారు. సుగుణ మాత్రం ఒక్క వాక్యం రాసింది. "అక్కా, బాగుంది గానీ ఇందులో ఎక్కడా నువ్వు ఊపిరి తీసుకోలేదు."

మళ్లీ విన్నాను. నిజమే. మొదటినుంచి చివరిదాకా ఒకటే వాయింపు, నేను మాట్లాడినట్టే, అవతలివాళ్లకు సందివ్వకుండా. తప్పు చెప్పి ఉంటే ఎదురు వాదించేదాన్ని. నిజం చెప్పింది, అందుకే మండింది. ఆ మంట పైకి కనబడనివ్వకుండా "థాంక్స్" అని పెట్టాను. ఈ పిల్ల పంపే తర్వాతి పాట కోసం కాచుకు కూర్చున్నాను.

పంపింది. పాత గేము పాటకు రీమిక్స్, కీబోర్డు మీద వాయిస్తూ వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసింది. ఆ పూట నేను గొలుగొండలో బంధువుల పెళ్లిలో ఉన్నాను. పక్కనే డీజే బాక్సులు. చెవిలో పెట్టుకునేవి బ్యాగులో ఉన్నాయి. లేచి రోడ్డు దాకా నడిస్తే హాయిగా వినొచ్చు. నడవలేదు. ఎందుకు నడవలేదు? ఎండ అనుకున్నాను, భోజనాలకు పిలుస్తారనుకున్నాను. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న కారణాలివి, ఒక్కటీ నిజం కాదు. ఆ పాటను ఏమనాలో నేను ముందే అనుకుని ఉన్నాను. వినడం దానికి అడ్డం వస్తుంది.

కింద ఇద్దరు అప్పటికే రాశారు. బ్యాంకాయన, "చిన్నతనం గుర్తొచ్చింది, కానీ మధ్యలో చాలాసేపు ఆగిపోయింది, రికార్డింగ్ తెగిందా?" అన్నాడు. చెరకు రైతు తనకూ అలాగే అనిపించిందన్నాడు. నాకది చాలు. ఒక చేత్తో విసనకర్ర, ఒక చేత్తో ఫోను. ఇలా రాశాను:

"రీమిక్స్ అంటే పాత పాటను నిద్ర లేపడం. నువ్వు జోకొట్టావు. మధ్యలో ఆ ఖాళీ ఏమిటి? చెయ్యి వణికిందా, సరుకు అయిపోయిందా? తోచకపోవడానికి మౌనం అని పేరు పెట్టుకోకు. అక్కడ తాళం నింపు. ఏమీ చేతకాకపోతే చప్పట్లయినా పెట్టు. అప్పుడు పాట నిలబడుతుంది."

వినని పాట గురించి రాసిన మాటలివి. ఇప్పుడు చదివినా తూకంగానే ఉన్నాయి. నన్ను భయపెట్టేది అదే. విన్నవాళ్ల మాటకూ వినని నా మాటకూ తేడా ఎవరికీ తెలియలేదు. సైమన్ మాస్టారంతటివారు కింద, "వినడమంటే ఇదీ" అని రాశారు.

మర్నాడు కాలేజీలో స్టాఫ్ రూములో ఉండగా సుగుణ ఫోన్ చేసింది. అంతకుముందెప్పుడూ చేసింది కాదు.

"అక్కా, పాట విన్నావు కదా?"

"వినకుండానే అంత రాసేస్తానేటి?"

"అది కాదక్కా. ఆ ఆగిన సోట నీకేటి అనిపించింది? రాసింది కాదు. విన్నప్పుడు."

నా దగ్గర ఏమీ లేదు. ఏమీ లేనప్పుడు నాకు వెటకారం వస్తుంది.

"ఏటనిపిస్తాదే. నా ఫోనే ఆగిపోయిందనుకున్నాను."

నేనే నవ్వాను. తను నవ్వలేదు.

"మరి ఆ తరవాత? తరవాత పాట ఎలగున్నాది?"

"ముందెలగుందో అలగే ఉంది. కొత్తగా ఏటీ లేదు."

అటునుంచి షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు, అది వినబడింది.

"అలగా," అంది. "సరే అక్కా. నింపేస్తాను."

అంతే. బెల్లు కొట్టారు, క్లాసుకెళ్లాను. సాయంత్రం విందామనుకున్నాను. సాయంత్రం ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశాను. బాగుంటే? నిజంగా బాగుంటే నేనేం చెయ్యాలి? అందరి ముందూ మాట వెనక్కి తీసుకోవాలి. నేను మాట వెనక్కి తీసుకున్నది నా బతుకులో లేదు. పెళ్లిపందిట్లో వినకపోవడం బద్ధకమనో పొగరనో సర్దుకోవచ్చు. బాగుంటుందేమోనని భయపడి వినకపోవడానికి ఏం పేరు పెట్టాలి?

మరుసటి రోజు చూసేసరికి ఆ వాయిస్ మెసేజ్ లేదు. డిలీట్ చేసినట్టు చెప్పే ఒక ముక్క మాత్రం మిగిలింది. దాని కింద కొత్త పాట. ఖాళీ లేదు, చప్పట్లున్నాయి. దీన్ని రెండుసార్లు విన్నాను. హుషారుగా ఉంది. గ్రూపంతా నన్ను మెచ్చుకుంది.

ఆ ఏడాది చివర చర్చి హాలులో గ్రూపు వాళ్లం ఇళ్లవాళ్లతో సహా కలిశాం. సుగుణ వేదిక మీద కీబోర్డు దగ్గర ఉంది. వాళ్లమ్మ నా పక్క కుర్చీలో కూర్చుంది. పాటలో చప్పట్లు వచ్చే చోటు రాగానే హాలంతా కలిసి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పక్కన ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఇక్కడ ఏటీ ఉండేది కాదమ్మా," అంది నా వైపు వంగి. "మా సిన్నోడు 'అక్కా, ఇంకోపాలి' అనే సోటిది. ఆడి మాట కోసరం ఒగ్గేసి ఉంచింది. అక్కణ్ణించి ఒంటి సేత్తోనే వాయించేది. ఇప్పుడు రెండో సెయ్యి కూడా పెట్టేసినాది."

నాకర్థం కాలేదు. అడిగితే చెప్పింది. సుగుణా, వాళ్ల తమ్ముడూ చిన్నప్పుడు ఆ గేము ఇద్దరూ కలిసి ఆడేవారట. తమ్ముడి బొమ్మ పడిపోగానే గేములో పాట ఆగిపోయేదట. వాడు ప్రతిసారీ మళ్లీ ఆడదామంటూ "అక్కా, ఇంకోపాలి" అనేవాడట, అప్పుడు మళ్లీ పాట మొదలయ్యేదట. పెద్దయ్యాక వాడు కొయ్యూరు నుంచి ఘాట్ రోడ్డులో బండి మీద దిగుతూ పడిపోయాడు. ఇంటికి రాలేదు. సుగుణ ఆ పాటను రెండు చేతులతో మొదలుపెట్టింది, ఒక చెయ్యి తనది, ఒకటి వాడిది. ఆగిన చోట వాడి మాటకు సందిచ్చింది. ఆ మాట రాలేదు. ఆ తర్వాత పాటంతా ఒక చేత్తోనే నడిచింది.

ముందెలగుందో అలగే ఉంది. కొత్తగా ఏటీ లేదు.

"మీరు నింపమన్నారంట కదమ్మా," అంది ఆవిడ. "సదువుకున్నోరు. మీకు తెలిసినట్టు మాకు తెలుస్తాదేటి." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బదులు చెప్పేదాన్ని. ఎత్తిపొడుపులకు బదులు చెప్పడం నాకు వచ్చు.

సరిగ్గా అప్పుడే సైమన్ మాస్టారు నన్ను వేదిక మీదకు పిలిచి, వినడం గురించి పిల్లలకు రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. బాగా చెప్పానట కూడా.

ఆ పాట ఇప్పుడు మా చుట్టుపక్కల స్కూళ్ల యానివర్సరీలకు మామూలైపోయింది. పిల్లలు గుండ్రంగా నిలబడి దానికి డాన్సు చేస్తారు. మధ్యలో ఆ చోటు వస్తుంది, వాళ్లు చప్పట్లు కొడతారు, కింద కూర్చున్న తల్లిదండ్రులూ కొడతారు. చనిపోయినవాడి మాట కోసం వాళ్లక్క అట్టే పెట్టిన చోట ఊరు ఊరంతా చప్పట్లు కొడుతోంది. నేను ఒకసారి ముందు వరసలో కూర్చుని చూశాను. నా చేతులు కూడా లేచాయి, అలవాటు కొద్దీ.

సుగుణ ఆ తర్వాత సొంత పాటేదీ పంపలేదు. భర్త ఉద్యోగం మారి యలమంచిలి వెళ్లిపోయారు. అక్కడ పిల్లలకు కీబోర్డు నేర్పుతోందట. పిల్లలు వాయిస్తూ ఆగితే, "ఖాళీ ఒగ్గకండి, నింపండి" అంటుందని ఎవరో మురిసిపోతూ చెప్పారు. అది నా మాట. నాది కూడా కాదు. రికార్డింగ్ తెగిందేమోనన్న బ్యాంకాయన అనుమానానికి నేను తొడిగిన చొక్కా. అది పట్టుకుని యలమంచిలిలో పిల్లలు ఊపిరి తీసుకోకుండా వాయిస్తున్నారు, నాలాగే.

నన్ను నేను తప్పించుకోవడానికి వాదించుకోలేదా? వాదించుకున్నాను. విన్న బ్యాంకాయనా, రైతూ కూడా ఆగిపోయిందనే అన్నారు కదా. నేను వినివున్నా అదే అనేదాన్నేమో. కావచ్చు. కానీ విని అని ఉంటే అది నా చెవి తక్కువతనం అయ్యేది. సుగుణ దానితో పోట్లాడగలిగేది. వినని మనిషితో ఎలా పోట్లాడుతుంది?

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య బ్యాంకాయన గ్రూపులో ఒక కిటుకు చెప్పాడు. మనం పంపిన వాయిస్ మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి వివరాలు చూస్తే, ఎవరెవరు దాన్ని విన్నారో పేర్లు కనబడతాయట. వినకుండా కబుర్లు చెప్పేవాళ్లను పట్టుకోవచ్చని నవ్వుతూ రాశాడు. అందరూ నవ్వారు. నేను ఫోను బోర్లించి పెట్టేశాను.

అంటే ఆ పేర్లు సుగుణ చూసి ఉండొచ్చు. చూశాకే ఫోన్ చేసి ఉండొచ్చు. విన్నావు కదా అని అడిగింది. ఆగిన చోట ఏమనిపించిందని అడిగింది. తర్వాత ఎలా ఉందని అడిగింది. ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలూ వరసగా వింటుంటే నాకు మూడు తలుపులు తెరిచి పట్టుకున్నట్టుంది. నేను మూడూ వేసేశాను.

తన నంబరు నా దగ్గరుంది. చేస్తే, "అదేటక్కా, ఎప్పటి మాట" అని కొట్టిపారేస్తుంది. క్షమించినా క్షమిస్తుంది. అది నాకొద్దు. ఉత్తినే వచ్చిన మెచ్చుకోలు మోశాను, ఉత్తినే వచ్చే క్షమ కూడా మోయలేను. ఇక్కడ చెప్పాను. ఆ పాట నేను వినలేదు. ఇక వినడానికి అది ఎక్కడా లేదు. ఈ మాట ఒకరి ముందు పెట్టినందుకే ఛాతీలో కాస్త సందు దొరికింది.

సుగుణా, ఇది నీ కంటపడితే ఒక్కటి చెప్పు. నేను వినలేదని నీకు తెలుసా? తెలిసి, నా మాట పట్టుకుని నీ తమ్ముడి చోటెందుకు నింపేశావు?